అత్త తిడితేనే చేపే బర్రె

మా బడి పత్రికకు ప్రతి టీచరూ ఒక వ్యాసం ఇవ్వాలని హెడ్ మేడం హుకుం జారీ చేసింది. విషయం కూడా ఆమే ఇచ్చింది. కష్టకాలంలో ఆశ, నవ్వు మనల్ని ఎట్లా నిలబెట్టాయో రాయాలట. లెక్కల సారు అప్పుడే రాసిచ్చేశాడు. కరోనా రోజుల్లో దాబా మీద టమాటా మొక్కలు పెంచి ధైర్యం తెచ్చుకున్నాడట. స్టాఫ్ గ్రూపులో రోజూ రెండు పూటలా పువ్వుల బొమ్మ కింద ‘నవ్వుతూ ఉండండి, అంతా మంచే జరుగుతుంది’ అని పంపింది కూడా ఈయనే. అట్లాంటి ఒక మెసేజ్ వచ్చినప్పుడు మేము మా అత్తను ఆటోలో పడుకోబెట్టుకుని ఆక్సిజన్ మంచం కోసం రెండో దవాఖాన గేటు ముందు ఉన్నాం. ఆ గ్రూపును అక్కడే మ్యూట్ చేశాను. ఇప్పటికీ తీయలేదు.

కాబట్టి నేను రాసేది పత్రికకు పనికిరాదు. ఇందులో ఆశ ఉంది, నవ్వూ ఉంది, కానీ రెండూ మా అత్త నోట్లోంచి తిట్లుగా వచ్చాయి. ఆమె తిట్టింది ఇంకెవరినో కాదు, నన్నే.

మాది గౌలిపురలో ఒక సందు. మా మామ బతికున్న రోజుల్లో ఇంటి పక్కనే కొట్టంలో పదకొండు బర్రెలు ఉండేవట. నేను కోడలిగా వచ్చేసరికి నాలుగయ్యాయి, కరోనా నాటికి ఒక్కటి మిగిలింది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను ఛత్రినాక దగ్గర సర్కారు బడిలో తెలుగు చెప్తాను. ఆ ఒక్క బర్రెతో మా ఇద్దరికీ ఏ పనీ లేదు. దాని పేడ ఎత్తలేక, ఈగలతో వేగలేక అమ్మేద్దామని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కే లేదు. అన్నప్పుడల్లా ముందు నన్ను అమ్మేయమని అత్త కొడుకుతో చెప్పేది. తెల్లవారకముందే లేచి కొట్టం ఊడ్చి, కుడితి పెట్టి, పొదుగు కడిగి పిండడానికి కూర్చునేది. సందులోవాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చి, కళ్ల ముందు పిండించుకొని పోయేవాళ్లు.

బర్రె సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. దుడ్డె వచ్చి మూతితో పొదుగును కుమ్మి, రెండు గుక్కలు తాగితే అప్పుడు బర్రె మనసు కుదిరి పాలు కిందికి వదులుతుంది. దాన్నే చేపడం అంటారు. చేపని బర్రె కింద ఎవరు కూర్చున్నా చుక్క రాదు. మా బర్రె ఈనిన ఇరవై రోజులకే దుడ్డె చచ్చిపోయింది. అట్లాంటప్పుడు చాలా కొట్టాల్లో పాలు దిగే మందు సూది పొడుస్తారు. సూది పడ్డాక బర్రెకు ఇష్టం ఉన్నా లేకున్నా పాలు కారిపోతాయి. మా అత్త దగ్గర సూది మాటెత్తితే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం లేనట్టే. మా కొట్టంలో ఇంతవరకు సూది పడలేదన్నదే ఆమెకున్న ఒకే ఒక్క గర్వం. తప్పు రాశాను, ఆమెకు గర్వాలు చాలా ఉన్నాయి, వాటిలో ఇది పెద్దది.

దుడ్డె లేని ఆ బర్రెను ఆమె తన చేతికి, తన గొంతుకు అలవాటు చేసుకుంది. గొంతు అంటే పాట పాడేదనుకునేరు. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ పీట మీద కూర్చోగానే నన్ను తిట్టడం మొదలుపెట్టేది. దానికి ఒక వరస ఉండేది. మొదట నా నిద్ర, తర్వాత నా వంట, ఆ తర్వాత నా చదువు, చివరికి నల్గొండ దిక్కున ఉన్న మా అమ్మగారిల్లు. “నీ సదువు సట్టుబండలు గాను, బళ్లె పోరగాండ్లకు ఏం సెప్తవో గని పప్పుల ఉప్పెయ్యనీకి రాదు” అనేది చదువు భాగంలోని మొదటి వాక్యం. వంటింటి కిటికీ కొట్టంలోకే ఉంటుంది. ఇదంతా నా చెవిన పడాలనే చేస్తుందని నా నమ్మకం. నేనూ తక్కువ తినలేదు, గిన్నెలు దడదడలాడిస్తూ జవాబు చెప్పేదాన్ని. పాలకు వచ్చినవాళ్లు ఈ లొల్లి వినడానికి కాస్త ముందే వచ్చేవాళ్లు.

ఇరవై రెండేళ్లు ఇట్లా గడిచింది. ఈమె పోతే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని నేను అనుకున్న రోజులు ఉన్నాయి. ఇది రాసినందుకు నన్ను ఎవరైనా ఏమన్నా అనుకోనీ, అబద్ధం మాత్రం రాయను.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు అది మా ఇంట్లో ఆమెను ఒక్కదాన్నే పట్టుకుంది. మా కూతుర్ని అప్పటికే మా అమ్మ దగ్గరికి పంపేశాం. నాలుగు రోజులు జ్వరంతోనే బర్రె పిండింది. ఐదో రోజు మధ్యాహ్నం పీట మీద నుంచి లేవలేక నా పేరు పెట్టి పిలిచింది. ఆ ఇంట్లో నాకు ఒక పేరుందని ఆమె నోట వినడం అదే మొదలు. అంబులెన్స్ కోసం ఫోన్ చేసి చేసి విసుగొచ్చి, ఆటో మాట్లాడుకొని బయల్దేరాం. మూడు గేట్ల దగ్గర మంచాల్లేవన్నారు. నాలుగో చోట, ఒక సర్కారు దవాఖానలో, చక్రాల కుర్చీ తెచ్చారు. లోపలికి మమ్మల్ని రానీయరు. కొడుకు ఏడుస్తుంటే అత్త అతని వైపు చూడను కూడా లేదు. నా మణికట్టు పట్టుకుంది.

“బర్రె ఎండిపోయిందనుకో, నేను మల్ల ఇంటికి రాను. సావనీకి గూడ రాను.”

అంత ఊపిరాడని మనిషి ఆఖరికి అన్న మాట అది. జాగ్రత్త అనలేదు, పిల్ల పైలం అనలేదు. పురానాపూల్ మీదుగా ఖాళీ రోడ్డున తిరిగి వస్తుంటే కోపంతో ఆటో కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన అది భయం అనుకొని ఫికర్ చెయ్యొద్దని ఓదార్చాడు.

ఇంటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు సందుకు అడ్డంగా ఒక కట్టె కట్టి ఉంది. కట్టినవాళ్లు మాకు కావలసినవాళ్లే. పిల్లలకు మా పాలు పట్టి పెంచుకున్నవాళ్లు తలుపు సందులోంచి మాస్కులు సర్దుకుంటూ చూశారు. అట్లా చూసిన ఒక్కొక్క ముఖం నాకు గుర్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఎదురైతే నవ్వుతారు. నేను నవ్వను. ఆ కట్టెను లెక్కచేయనిది ఖాలా, అంటే పిన్ని, అని మేం పిలిచే ఎదురింటావిడ ఒక్కతే. మా అత్త ఈడుది, మోకాళ్లు సహకరించక దాబా మీద గదిలోనే ఉంటుంది. మరుసటి పొద్దున తాడు కట్టిన స్టీలు డబ్బా పైనుంచి కిందికి వదిలింది. మీకు భయం లేదా అని అడిగితే, “పాలు ఉడ్కవెడ్తం గద బేటీ, కరోనా గూడ ఉడుకుతది” అంది.

అయితే డబ్బాలో పోయడానికి పాలు ఉంటే కదా. మా ఆయన పొదుగు కడిగి, చేతులకు నూనె రాసుకొని గంటసేపు కూర్చున్నాడు. బర్రె ఒకసారి తల తిప్పి అతన్ని చూసి, మళ్లీ గడ్డి తినసాగింది. చుక్క రాలేదు. మధ్యాహ్నమూ అంతే. రెండో రోజుకు పొదుగు గట్టిపడి ముట్టుకుంటే బర్రె మూలగడం మొదలుపెట్టింది. పాలు అట్లాగే నిలిచిపోతే పొదుగు చెడిపోతుంది, తర్వాత బర్రె ఎండిపోతుంది. మా ఆయన ఎవరో తెలిసిన పాలాయనకు ఫోన్ చేశాడు. రోజూ పిండే మనిషి లేనప్పుడు ఆ మనిషి బట్టలు వేసుకొని కూర్చోవాలని, వాసన చూసి బర్రె మోసపోతుందని అతను చెప్పాడు. ఇది పాలవాళ్లందరికీ తెలిసిన కిటుకేనట.

అత్త కొట్టంలో కట్టుకునే చీర అక్కడే మేకుకు వేలాడుతోంది. ఆకుపచ్చ నేత చీర, ఎన్నేళ్లదో తెలియదు, పేడ, తౌడు, చెమట కలిసిన వాసన. మా ఆయన చీర వైపు చూసి నా వైపు చూశాడు. కరోనానైనా ముట్టుకుంటాను గానీ ఆ చీర కట్టనని చెప్పాను. నా పట్టుదల ఆయనకు తెలుసు. లుంగీ మీదే ఆ చీర చుట్టుకొని, కొంగు నెత్తి మీద కప్పుకొని, మీసాలతో సహా పీట మీద కూర్చున్నాడు.

బర్రె చీర కొంగు వాసన చూసింది. చెవులు వదులుగా వేసింది. ఇక పని జరిగేట్టుందని నేను బకెట్ ముందుకు తోశాను. అప్పుడు అది తల ఇంకాస్త తిప్పి కొంగు కింద ముఖం చూసింది. ఒక్క తన్ను తన్నింది. బకెట్ గోడకు తగిలింది, మా ఆయన వెల్లకిలా పేడలో పడ్డాడు. ఎదురు దాబా మీద ఖాలా పిట్టగోడ పట్టుకొని నవ్వుతోంది. నాకూ ఆగలేదు. కాసేపటికి పేడలో కూర్చునే మా ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. మెయిన్ రోడ్డు మీద అంబులెన్స్ ఒకటి మోగుకుంటూ పోయింది, దాని వెనకే ఇంకొకటి. మేము నవ్వు ఆపలేదు. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

చీర విప్పేసి ఆయన తేల్చి చెప్పాడు. సూది పొడిపిద్దాం, లేదంటే అమ్మేద్దాం, కొనడానికి మనిషి ఉన్నాడు అన్నాడు. ఇరవై రెండేళ్లుగా నేను అడుగుతున్నది చేతికి వచ్చింది. వద్దన్నాను. ప్రేమతో కాదు. బర్రె పోతే ఆమె ఇంటికి రాదు, కోడలు పంతం పట్టి బర్రెను సాగనంపిందని దవాఖాన మంచం మీద నుంచే లోకానికి చెప్పి పోతుంది. గెలుపు ఆమెదే అవుతుంది. ఆమెను గెలవనివ్వకూడదు, అంతే. ఆ రోజుకు నేను నాకు చెప్పుకున్న కారణం ఇది.

మూడో పొద్దున ముక్కు బిగపట్టుకొని చీర నేనే కట్టాను. బర్రె తన్నలేదు. చేపనూ లేదు. ఒకటో తరగతి పిల్లల్ని మొదటి రోజు బుజ్జగించినట్టు బంగారు తల్లీ, మా అమ్మ కదా అని బతిమాలాను. నెమరు వేస్తూ నిలబడింది. నా ఓపిక చచ్చింది. నీకు ఈ పొగరు నేర్పింది ఆ ముసల్దే అని అత్తను నోటికొచ్చినట్టు తిట్టాను. బర్రె చెవులు వెనక్కి లాగి ఒళ్లు బిగబట్టింది. గడప దగ్గర నిలబడిన మా ఆయన మెల్లగా అన్నాడు.

“అమ్మ తనను తాను తిట్టుకోదు గద. నిన్ను తిడ్తది.”

ఆ మనిషిని బకెట్‌తో కొట్టాలనిపించింది. కానీ మాట నిజమే. పొదుగు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెట్టాను. ఎంఏ తెలుగు చదివి, రెండు వందల మంది పిల్లలకు పాఠం చెప్పే నేను బర్రె కింద కూర్చొని నా చదువు సట్టుబండలు కావాలని కోరుకుంటున్నాను. రెండు వాక్యాలు అయ్యాక మూడోది దానంతట అదే వచ్చింది. అన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్క ముక్క మర్చిపోలేదు. ఆమె ఎక్కడ దీర్ఘం తీస్తుందో, ఎక్కడ ఆగి ఉమ్ముతుందో కూడా వచ్చు. దాబా మీద నుంచి ఖాలా చెయ్యి ఊపి ఆపింది.

“గట్ల కాదు బేటీ. పహ్లే నిద్ర, బాద్ మే ఉప్పు. సదువు గా తర్వాతొస్తది, మీ అవ్వగారికంటే ముందుగాల.”

నేను కంగారులో వంటకంటే ముందే చదువు ఎత్తుకున్నాను. మళ్లీ మొదటి నుంచి వచ్చాను. నా నిద్ర అయింది, నా పప్పు అయింది, నా చదువు అయింది. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి నాలుక ఆడలేదు. చన్నుల్లో వెచ్చదనం తెలుస్తోంది, ఇంకొక్క మాట పడితే చాలు. “మీ అవ్వ నిన్ను గని మా నెత్తి మీద రుద్దింది” అన్నాను. బర్రె ఒక పెద్ద ఊపిరి వదిలింది, పాలు దిగాయి. ధార బకెట్ అడుగుకు కొట్టిన చప్పుడుకు ఖాలా దాబా మీద చప్పట్లు కొట్టింది. మా అమ్మను తిట్టి మూడు లీటర్లు పిండాను. అంతకంటే చెడ్డ మాట ఏదీ నేను నా జీవితంలో అనలేదు.

ఆ మధ్యాహ్నం నాలుగు గంటలకు, నేను రెండో పూట పిండడానికి కూర్చుంటుంటే, అత్త ఫోన్ నుంచి వీడియో కాల్ వచ్చింది. వార్డు సిస్టర్ పట్టుకుంది. మాస్కు వెనక అత్త ముఖం సగం అయింది. ఎట్లున్నారని కాదు, “చేపిందా?” అని అడిగింది. చేపింది అన్నాను. నమ్మలేదు, చూపించమంది. ఫోన్ కుడితి గోలెం అంచున నిలబెట్టాను. అప్పుడు నా ఒంటి మీద తన చీర చూసింది. మాస్కు మీద ఆవిరి కమ్మింది.

“నా సీర… ఎందుకు… గట్టినవే… దొంగముఖందానా.”

బర్రె గడ్డి తినడం ఆపి గోలెం వైపు తల తిప్పింది. ఆమె రెండు మాటలు అని ఆగేది, ఊపిరి తీసి మళ్లీ రెండు మాటలు అనేది. ఆ తునకలతోనే నా నిద్ర దాటి పప్పు వరకు వచ్చింది. చదువు రాకముందే బర్రె చేపేసింది. ధార చప్పుడు విని ఆమె కళ్లు మూసుకుంది. సిస్టర్ ఏమనుకుందో ఏమో, రేపు కూడా ఇదే టైముకు చేస్తానని పెట్టేసింది.

అది రోజూ సాగింది. పొద్దున నన్ను నేనే తిట్టుకొని పిండేదాన్ని, మధ్యాహ్నం అసలు మనిషి తిట్టేది. మూడో రోజుకు పక్క మంచాలవాళ్లు స్పీకర్ పెట్టమని అడుగుతున్నారని సిస్టర్ నవ్వుతూ చెప్పింది. వెనక నుంచి దగ్గుతో కలిసిన నవ్వులు నాకు వినబడేవి. వంటల భాగం అయ్యాక ఎవరో పెద్దాయన మా కోడలూ అంతే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టైంది. ముఖం తెలియని ఒక వార్డు వార్డంతా నా పప్పులో ఉప్పు ఉండదని తెలుసుకుంది. ఫోన్ పెట్టేయాలనిపించేది. కానీ పెట్టేయలేదు, ఎందుకంటే నేను లెక్క వేసుకుంటున్నాను. మొదటి రోజు ఊపిరికి రెండు మాటలు. మూడో రోజు మూడు. ఐదో రోజు నా చదువు వాక్యం మొత్తం ఒకే ఊపిరిలో అంది. డాక్టర్లు చెప్పే నంబర్లు నాకు అర్థమయ్యేవి కావు, ఇది అర్థమయ్యేది. ఆ రోజు పాలు ఖాలాకు ఒక గిన్నె ఎక్కువే పోశాను.

ఏడో రోజు మళ్లీ మూడుకు వచ్చింది. ఎనిమిదో రోజు ఒక్కో మాటకు ఆగింది. వెనక నవ్వులు లేవు. మా కోడలూ అంతే అన్న పెద్దాయన గురించి అడిగితే సిస్టర్ ఫోన్ అత్త వైపు తిప్పేసింది. తొమ్మిదో రోజు నాలుగింటికి ఫోన్ వచ్చింది. బర్రె చెవులు నిలబెట్టింది. అత్త మాస్కు సర్దుకొని అడిగింది.

“తిన్నవా బిడ్డా?”

ఇరవై రెండేళ్లలో నన్ను బిడ్డా అనలేదు. తిన్నావా అని అడగలేదు. ఇక బర్రెను అమ్ముకోమని, ఎన్ని రోజులని చాకిరీ చేస్తావని, నువ్వు సల్లగుండాలె అని ఒక్కొక్క మాటగా చెప్పింది. ఆమె వెళ్లిపోవడానికి సర్దుకుంటోందని నాకు అర్థమైంది. నాకు ఎంత భయం వేసిందో చెప్పలేను. ఈమె పోతే ఆ ఇంట్లో నేను ఎవరితో కొట్లాడాలి. నా గురించి అన్నీ తెలిసి, అన్నీ గుర్తుపెట్టుకొని, రోజూ పొద్దున వరసగా అప్పజెప్పే మనిషి ఈ లోకంలో ఇంకెవరున్నారు. కోపం, ఏడుపు కలిసి ముంచుకొచ్చాయి. మంచిదానిలాగా మాట్లాడి చచ్చిపోతానంటే నేను ఊరుకుంటానా. నాకు తెలిసిన పెద్ద దెబ్బ కొట్టాను.

“అత్తమ్మా, బర్రెకు సూది పొడిపిచ్చిన. పొద్దుగాల్నే. ఇగ నీ తిట్లతోని నాకు పనిలేదు.”

వెనకాల మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఫోన్లో ఆక్సిజన్ గుడగుడ ఒక్కటే వినబడుతోంది. నేను ఏడుస్తూనే పీట మీద కూర్చున్నాను. తర్వాత ఆమె మాస్కు పక్కకు లాగింది. నీ చేతులు ఇరుగ అని మొదలుపెట్టి, నా నిద్ర, నా వంట, నా చదువు, నా పుట్టిల్లు, ఒక్కటి వదల్లేదు. నేను ఎన్నడూ వినని కొత్తవి కూడా ఉన్నాయి. దగ్గుతోంది, తిడుతోంది. బర్రె చేపింది. కళ్లు కనబడక తడుముకుంటూ పిండాను. ఇంతలో సిస్టర్ పరుగున వచ్చి మాస్కు పెట్టి, పేషెంటు నంబర్లు పడిపోతున్నాయి, మీకు బుద్ధి ఉందా అని నన్ను కసిరి ఫోన్ కట్ చేసింది.

మరుసటి రోజు నాలుగైంది, ఫోన్ రాలేదు. నాలుగుంపావైంది. నేనే చంపేశానని మా ఆయనతో అన్నాను. ఆయన కాదనలేదు. బర్రె గోలెం వైపే చూస్తూ నిలబడింది. నాలుగున్నరకు ఫోన్ మోగితే ఎత్తడానికి నాకు చేతులు రాలేదు, ఆయనే ఎత్తాడు. సిస్టర్ గొంతులో నిన్నటి కోపం లేదు. అమ్మ పొద్దున్నే లేచి కూర్చుంది, రెండు ఇడ్లీలు తింది, ఎవరి మీదో చాలా కోపంగా ఉంది అని చెప్పింది. అత్త నా ముఖం చూడనంది. దాన్ని బర్రె దగ్గరికి రానియ్యకు అని కొడుక్కి చెప్పింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. స్పీకర్ పెట్టించి, నేను అక్కడ లేనట్టు, కొడుకుతో నా గురించి తిట్టింది. ఊపిరికి ఎన్ని మాటలో లెక్క పెట్టడం నేను మానేశాను, అవసరం లేకపోయింది.

ఇంటికి వచ్చేనాటికి మనిషి ఎముకలగూడైంది. గోడ పట్టుకొని నేరుగా కొట్టంలోకి పోయింది. బర్రె ఆమె చెయ్యి నాకింది. కింద కూర్చునే శక్తి లేదు కాబట్టి పక్కనే నులక మంచం వేశాం. మర్నాటి పొద్దున నేను చీర కట్టుకొని పీట మీద కూర్చున్నాను, ఆమె మంచం మీద నుంచి మొదలుపెట్టింది. నా నిద్ర సగం కాకుండానే దగ్గు వచ్చి ఆగింది. ఇక దాచలేకపోయాను.

“అత్తమ్మా, నేను సూది పొడిపియ్యలే. గది అబద్ధం.”

“నాకెరుకనే. సూదిపడ్డ బర్రె నేను తిట్టేదాంక ఆగుతదా? అప్పటిదాంక బకీట్ల సప్పుడే లేకపాయె.”

అయితే తొమ్మిది రోజులు నాతో ఎందుకు మాట్లాడలేదని అడిగాను. సూది పేరెత్తినవ్ గద అంది. బర్రె పక్కటెముకలకు తల ఆనించాను. అడగాల్సింది ఇంకొకటి ఉంది.

“అబద్ధమని ఎరుకుండి గూడ గన్ని తిట్లెందుకు తిట్టినవ్?”

“నువ్వు ఏడుస్తుంటివి గద.”

పాలు అప్పటికే దిగాయి. రెండు చేతులూ పనిలో ఉన్నాయి, కళ్లు తుడుచుకునే వీలు లేదు. మంచం మీద నుంచి ఆమె కాస్త ముందుకు వంగి బకెట్లోకి చూసింది.

“ఏడ్సుడైతే పక్కకు జరుగే. పాలల్ల నీళ్లు వడ్తయ్.”